కల్పిత భాషలో పాత్రలకు పేర్లు పెట్టే పద్ధతి

అద్భుత కథ రాయాలని ఒక కొత్త లోకాన్ని ఊహించుకున్నవారు భూపటం గీసుకుంటారు, రాజవంశాలను కల్పిస్తారు, యుద్ధాలు జరిగిన సంవత్సరాలను కూడా రాసిపెట్టుకుంటారు. కానీ పాత్రల పేర్ల దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఆ క్షణానికి నోటికి తోచిన పేరు పెట్టి ముందుకు సాగిపోతారు. అలా పుట్టిన పేర్లు ఎక్కువగా రెండు దారుల్లో పోతాయి. వజ్రకేతుడు, అగ్నిశిఖ వంటి సంస్కృత సమాసాలు ఒక దారి. అవి అందంగానే ఉంటాయి, కానీ వినగానే పాఠకుడి మనసు పురాణంలోకి వెళ్లిపోతుంది తప్ప మీరు కల్పించిన లోకంలోకి రాదు. జోర్గాన్, కెల్రిక్ వంటివి రెండో దారి. అవి ఇంగ్లిషు కథల నుంచి మన చెవికి అంటుకున్న చప్పుళ్లే. ఈ రెండూ కాకుండా, మీ కథలోని ప్రజలకు సొంత భాష ఒకటి ఉన్నదనీ, ఈ పేర్లు ఆ భాషలోనే పుట్టాయనీ పాఠకుడు నమ్మాలంటే ఏ క్రమంలో పని చేయాలో ఇక్కడ వివరిస్తాను. ఇందుకు పూర్తి వ్యాకరణం రాయనవసరం లేదు. ఒక నోటు పుస్తకం, కొన్ని సాయంత్రాలు, చెవి ఒగ్గి వినే ఓపిక ఉంటే సరిపోతుంది.

ఉదాహరణల కోసం నేను కొన్నేళ్లుగా రాసుకుంటున్న కథలోని ఒక కొండజాతి భాషను తీసుకుంటాను. దాని పేరు తేహలి. అందులోని మాటలన్నీ నేను కల్పించినవే.

1. ముందుగా మీ చుట్టూ ఉన్న పేర్లను రాసుకోండి

కల్పన మొదలుపెట్టే ముందు ఒక వారం పాటు మీ ప్రాంతపు పేర్లను గమనించండి. నేను తిరుపతిలో ఉంటాను కాబట్టి ఈ పని నాకు చిత్తూరు బస్సులో మొదలైంది. చంద్రగిరి, పనపాకం, దామలచెరువు, పూతలపట్టు, కాణిపాకం అంటూ సుమారు 70 కిలోమీటర్ల దారిలో, దాని చుట్టుపక్కల వచ్చే పేర్లను వరుసగా రాసుకుంటే, ఒకే నేల మీద ఎన్ని భాషలు పొరలు పొరలుగా పేరుకున్నాయో కనిపిస్తుంది. 'గిరి' సంస్కృతం, 'చెరువు' తెలుగు, 'పాకం', 'పట్టు' అనేవి సరిహద్దు దాటి తమిళనాడులోకి వెళ్లిన తరువాత కూడా ఊళ్ల పేర్ల చివర వినిపిస్తూనే ఉంటాయి. కుప్పం, రామకుప్పం, వెదురుకుప్పం అని మరో వరుస ఉన్నది. ఈ మాటలకు అర్థం తెలియని కొత్త మనిషి కూడా నాలుగు బోర్డులు చదివేసరికి 'పాకం' అని ముగిసేది ఊరి పేరేనని తనంతట తానే గ్రహిస్తాడు. మీ కథలో మీరు సాధించవలసినది సరిగ్గా ఇదే: ఎవరూ వివరించకుండానే, పేర్ల చివర మళ్లీ మళ్లీ వచ్చే ముక్కను బట్టి పాఠకుడు ఊరినీ మనిషినీ గుర్తుపట్టగలగాలి.

మనుషుల పేర్లలో ఈ పొరలు ఇంకా దట్టంగా ఉంటాయి. మా వైపు మునెమ్మ, మునిరత్నం, మునస్వామి, మునికృష్ణ వంటి పేర్లు ఇంటింటా వినిపిస్తాయి. ఏడుకొండలు అనే కొండల లెక్కే మనిషి పేరుగా మారింది. గంగమ్మ పేరు గంగులప్ప, గంగిరెడ్డి వంటి మగవారి పేర్లలోకి కూడా ప్రవేశించింది. కుప్పం, పలమనేరు వైపు వెళితే కన్నడపు గాలికి 'అప్ప' అనే ముగింపు ఎక్కువవుతుంది. తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తే, సరిహద్దు దగ్గర తమిళం మాట్లాడే కుటుంబాలవారు తండ్రి పేరులోని తొలి అక్షరాన్ని పెట్టుకుంటారు. తాళ్ళపాక అన్నమాచార్యులు, తరిగొండ వెంగమాంబ అన్నప్పుడు ఆ ముందు మాట రెండు చోట్లా ఊరి పేరే.

మీరు రాసుకున్న పేర్ల పక్కన మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి. ఈ పేరులో ఎన్ని ముక్కలున్నాయి? ఏ ముక్క ఇతర పేర్లలో కూడా వస్తోంది? ఆ ముక్క బంధుత్వాన్ని చెబుతోందా, దేవతనా, ఊరినా? నన్నయ, తిక్కన, పోతన అన్న పేర్ల చివర అయ్య, అన్న అనే బంధుత్వ పదాలే అణిగి ఉన్నాయని గుర్తిస్తే, ఒక జాతి తన పెద్దలను ఎలా చూస్తుందో పేరు చివరి అక్షరంలో దాచవచ్చునని మీకు అర్థమవుతుంది. శ్రీకాళహస్తి అన్న పేరు ఇంకొక మార్గం చూపుతుంది: శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు, మూడు ప్రాణుల భక్తి కథ మొత్తం ఒక్క పేరులో ఇమిడిపోయింది. నేను తేహలి పేర్లను కట్టేటప్పుడు ఈ పద్ధతినే ఎక్కువగా వాడుకున్నాను.

2. వర్ణమాల ముందు పెట్టుకుని అక్షరాలను కొట్టివేయండి

కొత్త భాష అంటే కొత్త ధ్వనులను కనిపెట్టడమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఏ భాష రూపమైనా అందులో ఉన్న ధ్వనుల కంటే లేని ధ్వనుల వల్లనే ఎక్కువగా ఏర్పడుతుంది. అచ్చ తెలుగు మాటల్లో ఖ, ఘ, ఛ, ఝ వంటి మహాప్రాణాలు రావు; ళ, ణ అక్షరాలతో తెలుగు మాట మొదలు కాదు. అందువల్లనే ఒక పేరు వినగానే అది తెలుగుదో కాదో మనకు అప్రయత్నంగా తెలిసిపోతుంది.

ఈ పనిలో తెలుగువారికి గొప్ప సౌకర్యం ఉన్నది. మన వర్ణమాల నోటిలో ధ్వని పుట్టే స్థానాన్ని బట్టి వర్గాలుగా అమర్చి ఉన్నది కాబట్టి, వర్గం వర్గంగా కొట్టివేయవచ్చు. తేహలికి నేను మహాప్రాణాలన్నిటినీ తీసివేశాను. గ, జ, డ, ద, బ అనే సరళాలను తీసివేశాను. చ వర్గాన్ని, ట వర్గాన్ని మొత్తంగా వదిలేశాను. మిగిలినవి క, త, ప, మ, న, య, ర, ల, వ, స, హ మాత్రమే. అచ్చుల్లో అ, ఇ, ఉ, ఎ, ఒ, వాటి దీర్ఘాలు ఉంచాను. పదకొండు హల్లులతో ఒక భాష నిలుస్తుందా అని సందేహించకండి. తక్కువ ధ్వనులుంటేనే పేర్లన్నీ ఒకే ఇంటివారిలా వినిపిస్తాయి.

కథలో రెండు జాతులుంటే రెండు జాబితాలు తయారు చేయండి. రెండు భాషలకూ సమానంగా ఉన్న ధ్వనులు సగానికి మించకపోతే తేడా స్పష్టంగా వినబడుతుంది.

3. అక్షరాలు కలిసే తీరును నిర్ణయించండి

ధ్వనులను ఎంచుకున్న తరువాత మాట ఎలా మొదలవుతుంది, ఎలా ముగుస్తుంది, మధ్యలో ఏ ఒత్తులు రావచ్చు అనే మూడు విషయాలను తేల్చుకోవాలి. తేహలిలో మాట మొదట ర రాదు, సంయుక్తాక్షరం రాదు. చివర అచ్చు గానీ, ర్, ల్ గానీ మాత్రమే ఉంటాయి. మధ్యలో ర్, ల్, ం తరువాత క, త, ప మాత్రమే కలుస్తాయి: ర్క, ల్త, ంప వంటివి ఉంటాయి కానీ ర్ల, ల్మ, త్స వంటివి ఉండవు.

ఈ నియమాలను పుస్తకం మొదటి పుటలో రాసి, వాటికి లొంగని పేరు ఎంత ముచ్చటగా అనిపించినా వదిలివేయండి. నేను తొలుత ఈ భాషకు ఉల్మెరి అని పేరు పెట్టుకుని చాలా ఇష్టపడ్డాను. ల్మ కుదరదని నియమం రాసుకున్న రోజున దానిని మార్చక తప్పలేదు. ఇష్టమైన పేరు కోసం నియమాన్ని సడలిస్తే, పదో పేరు దగ్గరికి వచ్చేసరికి నియమమే మిగలదు.

4. కొన్ని మూలపదాలు, వాటిని కలిపే సంధి

ఇప్పుడు పదిహేను, ఇరవై మూలపదాలు చాలు. ఆ జాతి రోజూ చూసేవాటికే మాటలు కల్పించండి. కొండ మీద గొర్రెలు కాచుకునేవారికి ఓడకు పేరు ఎందుకు? నా జాబితాలో కొన్ని ఇవి: తేహ అంటే కొండ, హువ అంటే గాలి, మిర్ అంటే వెలుగు, హెర్క అంటే గద్ద, లోరె అంటే ఏరు.

వెలుగుకు మిర్ అని పెట్టడంలో ఒక ఆలోచన ఉన్నది. తెలుగు పాఠకుడి మనసులో మెరుపు, మిరుమిట్లు అనే మాటలు ముందే ఉన్నాయి. ఆ మాటల నీడ పడేటట్లు ఒకటి రెండు మూలపదాలను ఎంచుకుంటే, అర్థం చెప్పకపోయినా పేరు కాంతివంతంగా తోస్తుంది. అయితే అన్ని మాటలనూ ఇలా చేస్తే భాష తెలుగుకు మారువేషంగా కనిపిస్తుంది. ఒకటి రెండింటితో ఆపండి.

మూలపదాలు కలిసేటప్పుడు ఏమవుతుందో రెండు మూడు సూత్రాలలో రాయండి. మనకు సంధి అంటే చిన్నప్పటి నుంచి అలవాటే కాబట్టి ఇది కష్టం కాదు. తేహలిలో రెండు అచ్చులు ఎదురైతే మొదటిది పోతుంది. ర్ తరువాత హ వస్తే హ పోతుంది: మిర్, హువ కలిస్తే మిరువ, మిర్, హెర్క కలిస్తే మిరెర్క. ఒప్పుకోని ఒత్తు ఏర్పడితే మధ్యలో ఉ చేరుతుంది: మిర్, లోరె కలిస్తే మిరులోరె. ఒప్పుకునే ఒత్తయితే యథాతథంగా నిలుస్తుంది: మిర్తేహ. ఐదు మూలపదాలను రెండేసి చొప్పున కలిపితేనే ఇరవై పేర్లు వస్తాయి. ప్రతి దానికీ ఒక అర్థం, ఒక రూపం నియమబద్ధంగా ఉంటాయి.

5. పేరు పెట్టే ఆచారాన్ని కల్పించండి

అసలు పని ఇక్కడ ఉన్నది. పేరంటే ధ్వనుల కూర్పు మాత్రమే కాదు. అది ఒక మనిషికి మరొక మనిషి, ఏదో ఒక రోజున, ఏదో ఒక కారణంతో ఇచ్చినది. ఎవరు ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు, అది జీవితంలో మారుతుందా, ఎవరు ఎవరిని పేరు పెట్టి పిలవవచ్చు అనే ప్రశ్నలకు జవాబులు రాయనంత వరకు మీ దగ్గర ఉన్నవి పేర్లు కావు, మాటలు మాత్రమే.

మన చరిత్రలో ఇందుకు ఎన్నో నమూనాలున్నాయి. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి అంటూ శాతవాహన రాజులు తల్లి వైపు పేరును ముందు పెట్టుకున్నారు. కడప జిల్లాలోని కలమళ్ళలో దొరికిన, క్రీ.శ. 575 నాటిదని చెప్పే శాసనంలో రేనాటి పాలకుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడుగా కనిపిస్తాడు. ఒకే మనిషిలో దేశీయమైన బిరుదు, సంస్కృత నామం పక్కపక్కన నిలిచాయి. తిరుమల ఆలయానికి భోగ శ్రీనివాసమూర్తి వెండి విగ్రహాన్ని సమర్పించిన పల్లవ రాణి సామవైకి కాడవన్ పెరుందేవి అనే మరో పేరు కూడా ఉన్నది. అదే ఆలయంలో శ్రీకృష్ణదేవరాయలతో పాటు చేతులు జోడించి నిలబడిన రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి. మొదటి పేరులో క్షేత్రం ఉన్నది, రెండో పేరులో 'చిన్న' అన్న ముద్దు మాట రాణి అయిన తరువాత కూడా నిలిచిపోయింది. మీ కథలోని రాజవంశానికి ఒకే మూసలో పన్నెండు పేర్లు పోసే ముందు ఈ వైవిధ్యాన్ని ఒకసారి తలచుకోండి.

తేహలి మాట్లాడేవారికి నేను ఏర్పరచిన ఆచారం ఇది. బిడ్డ పుట్టిన రోజున అమ్మమ్మ బయటికి వచ్చి, తాను మొదట గమనించిన దాని పేరుకు 'ఇలె' చేర్చి పిలుస్తుంది. ఆ రోజు గాలి వీస్తూ ఉంటే హువిలె, ఏటి చప్పుడు వినబడితే లోరిలె. ఆ బిడ్డ పెరిగి, మందతో పాటు ఒంటరిగా కొండ మీద ఒక రాత్రి గడిపి వచ్చిన తరువాత రెండో మూలపదాన్ని తానే ఎంచుకుంటుంది. హువిలె అప్పటి నుంచి హువమిర్ అవుతుంది. మనవలు పుట్టిన తరువాత పేరు చివర 'తె' చేరుతుంది: హువమిర్తె. పూర్తి పేరు చెప్పవలసి వచ్చినప్పుడు తల్లి పేరులోని మొదటి మూలపదం ముందు వస్తుంది: లోరె హువమిర్. చిన్ననాటి పేరుతో పిలిచే హక్కు తల్లికీ అమ్మమ్మకూ మాత్రమే ఉంటుంది. వేరెవరైనా ఆ పేరుతో పిలిస్తే అది అవమానమైనా కావాలి, ప్రేమ అయినా కావాలి. కథలో ఒక కీలకమైన సన్నివేశం మొత్తం ఈ ఒక్క ఆచారం మీద నడిచింది.

ఇలాంటి నిషేధాలు మనకు కొత్త కాదు. భర్త పేరు నోట పలకని తరాలు మన ఇళ్లలోనే ఉండేవి. మామగారి పేరు కొడుక్కి పెట్టుకున్న కోడలు ఆ పేరుతో బిడ్డను మందలించలేక చిన్నోడా అనో అబ్బోడా అనో పిలుచుకోవడం, చివరికి ఆ పిలుపే బడిలో తప్ప అన్ని చోట్లా అసలు పేరైపోవడం ఎన్నో కుటుంబాలలో జరిగింది. పురిట్లోనే బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు తరువాత పుట్టిన బిడ్డను పెంట మీదో ఎంగిలాకుల మీదో పడుకోబెట్టి తీసుకుని, పెంటయ్య, పుల్లయ్య అని పేరు పెట్టేవారు. విలువలేని దానిగా కనిపిస్తే మృత్యువు కన్ను పడదన్న ఆశ అది. ఆ పేర్లను చూసి నవ్వేవారున్నారు. నాకు మాత్రం వాటిలో ఉన్నంత ప్రేమ, భయం మరే పేరులోనూ కనిపించవు. అందుకే తేహలిలో అలాంటి బిడ్డకు మూలపదమే లేకుండా 'ఇలె' అని మాత్రమే పేరు పెడతారు. పట్టుకోవడానికి పిడి లేని పేరును చావు ఎత్తుకుపోలేదని వారి నమ్మకం. కథలో ఇలె అన్న ముసలివాడు ఒకడున్నాడు. అతని గతం గురించి నేను ఒక్క వాక్యం కూడా రాయలేదు, అవసరం పడలేదు.

ఇక లింగభేదం గురించి. 'ఆ' అని ముగిస్తే ఆడపేరు, హల్లుతో ముగిస్తే మగపేరు అన్నది అన్ని భాషలకూ చెందిన నియమం కాదు. సీత, రాధ ఎలా ముగుస్తాయో శివ, కృష్ణ కూడా అలాగే ముగుస్తాయి. పైగా మీరు తెలుగులో రాస్తున్నారు కాబట్టి వచ్చాడు, వచ్చింది అన్న క్రియలే ఆ సంగతి చెబుతాయి. పేరు మీద ఆ భారం వేయనవసరం లేదు. దాని బదులు వయసును, వంశాన్ని, వృత్తిని పేరులో చూపవచ్చు.

6. పేర్లను అరగదీయండి

నియమబద్ధంగా తయారైన పేర్లకు ఒక లోపం ఉంటుంది: అవి నిన్ననే చేసినట్లు కనిపిస్తాయి. 1887లో వెలువడిన ఎస్పరాంతోలో నామవాచకాలన్నీ 'ఓ' తో ముగుస్తాయి; అందరూ సులభంగా నేర్చుకోవాలని తయారు చేసిన భాషకు ఆ క్రమం గొప్ప గుణం. కానీ వెయ్యేళ్లుగా నోళ్లలో నానిన భాషగా కనిపించవలసిన దానికి అంత నునుపు నప్పదు.

అరుగుదల ఎలా ఉంటుందో చూడాలంటే తిరుచానూరు అమ్మవారి పేరును చూడండి. తమిళంలో 'అలర్ మేల్ మంగై', అంటే పువ్వు మీద కొలువైన స్త్రీ. అది అలమేలు మంగ అయి, అలివేలు మంగ అయి, మన ఇళ్లలో అలివేలమ్మగా స్థిరపడింది. పువ్వు అన్న అర్థం ఎప్పుడో కనుమరుగైంది, పేరు మాత్రం ముద్దుగా మిగిలింది. అలాగే లక్ష్మమ్మ లచ్చమ్మ అయింది, కృష్ణయ్య కిష్టయ్య అయ్యాడు, వెంకన్న ఎంకన్న అయ్యాడు.

అరగదీసేటప్పుడు ఒక్కో పేరును ఇష్టం వచ్చినట్లు చెక్కకండి. క్రొత్త, ప్రొద్దు, మ్రాను అన్న మాటల నుంచి ఒకే తీరుగా రావత్తు జారిపోయి కొత్త, పొద్దు, మాను అయినట్లే, మీ భాషలో కూడా ఒకే మార్పు అన్ని పేర్లకూ వర్తించాలి. తేహలిలో రెండు అచ్చుల నడుమ ఉన్న హ వాడుకలో జారిపోతుంది. తేహమిర్ అనే పేరు తమిర్ అవుతుంది. లోరెహువ కాస్తా లోరువ అవుతుంది. ప్రమాణం చేసేటప్పుడు, పెద్దలను తలచుకునేటప్పుడు మాత్రం నిండు రూపమే పలుకుతారు. ఒకే పాత్రకు ఈ రెండు రూపాలూ వాడితే పాఠకుడు తికమకపడతాడేమోనన్న భయం సహజమే. మొదటిసారి రెండు రూపాలూ ఒకే పేరాలో వచ్చేటట్లు చూసుకుంటే ఆ ఇబ్బంది రాదు. రిజిస్టరులో సుబ్రహ్మణ్యం అని ఉన్న మనిషిని వీధిలో సుబ్బయ్యా అని పిలిస్తే మనం తికమకపడడం లేదు కదా.

పిలుపులను కూడా రాసుకోండి. ఏమప్పా, ఏమ్మే అన్న పిలుపులు వినబడగానే మాట్లాడేవారు మా వైపువారని తెలుస్తుంది. మీ జాతికి కూడా పేరుకు ముందో వెనుకో చేరే అలాంటి చిన్న ముక్క ఒకటి ఇవ్వండి, ఒక్కటి చాలు.

7. పరాయివారి పేర్లు ఆ నోట ఎలా పలుకుతాయి

ఇది చిన్న పని, ఫలితం పెద్దది. తమిళ సంప్రదాయంలో ర తో మాట మొదలు కాదు కాబట్టి రాముడు ఇరామన్ అయ్యాడు, రుద్రుడు ఉరుత్తిరన్ అయ్యాడు. తేహలిలో కూడా ర తో మాట మొదలు కాదు, సరళాలు లేవు. కాబట్టి మైదానం నుంచి వచ్చిన సేనాపతి రుదాగ్ పేరు వారి నోట ఉరుతాక అవుతుంది. ఈ మార్పును సంభాషణల్లో మాత్రమే చూపండి. కథకుడి మాటలో రుదాగ్ అనే ఉంచండి. ఎవరు మాట్లాడుతున్నారో చెప్పకపోయినా, ఉరుతాక అనగానే అది కొండవారి గొంతు అని పాఠకుడికి తెలిసిపోతుంది.

8. తెలుగు వాక్యంలో పేరును నిలబెట్టి చూడండి

ఇంగ్లిషులో రాసేవారికి ఈ పని ఉండదు, మనకు తప్పదు. తెలుగులో పేరు ఒంటరిగా నిలవదు. కి, కు, ని, ను, తో, వల్ల అన్న ప్రత్యయాలు దానికి అతుక్కుంటాయి. అందువల్ల ప్రతి ముఖ్యపాత్ర పేరును ఒక పుటలో విభక్తులతో సహా రాసి చూడాలి. నేను మొదట చిన్నపిల్లల పేర్లకు 'ఇన్' అని ముగింపు పెట్టుకున్నాను. హువిన్ బాగానే ఉన్నదనుకున్నాను. కథ ముప్పై పుటలు సాగిన తరువాత 'హువిన్‌ను', 'హువిన్‌ని' అని రాయవలసి వచ్చినప్పుడల్లా వాక్యం నత్తివాడి నోట పడినట్లు తడబడింది. చివరికి ముగింపును 'ఇలె' గా మార్చి, ముప్పై పుటలూ తిరగరాశాను: హువిలెను, హువిలెకు, హువిలెతో. ఈ పరీక్ష మొదటి రోజే చేసి ఉంటే ఆ శ్రమ తప్పేది. మీరు అలాగే చేయండి. చివర న్ ఉండకూడదన్న నియమం నా భాషలోకి అలా వచ్చినదే.

ర్, ల్ తో ముగిసే పేర్లకు ప్రత్యయం ముందు ఉ చేర్చడం మంచిది: హువమిరుకు, హువమిరుతో. బస్సు, కారు, రోడ్డు అంటూ బయటి మాటలన్నిటినీ మనం ఇలాగే అచ్చుతో ముగించి మన మాటలుగా చేసుకున్నాం. పొల్లుగానే ఉంచాలనుకుంటే ఒక సాంకేతిక విషయం గుర్తుంచుకోండి. కంప్యూటర్‌లో టైపు చేసేటప్పుడు పొల్లు తరువాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తును ఇవ్వకపోతే, ర్ వెళ్లి తరువాతి అక్షరంతో కలిసి ఒత్తుగా మారిపోతుంది. హువమిర్‌తో అని రాయబోయినది హువమిర్తో అయి, వేరే పేరులా కనిపిస్తుంది.

కంటి సంగతి కూడా చూడాలి. చదివేవారు పేరును పూర్తిగా చదవరు, మొదటి అక్షరం ఆకారాన్ని పట్టుకుని ముందుకు పోతారు. వ, ప, మ అక్షరాలు చిన్న అచ్చులో దగ్గరగా కనిపిస్తాయి. న, స కూడా అంతే. తరచూ కలిసి కనిపించే రెండు పాత్రలకు ఒకే అక్షరంతో గానీ, ఇలా దగ్గరగా కనిపించే అక్షరాలతో గానీ పేర్లు మొదలుపెట్టకండి. హువమిర్ స్నేహితురాలికి నేను మొదట హెర్కమిర్ అని పెట్టి, తరువాత లోరువగా మార్చింది ఇందుకే.

9. పైకి చదివి, ఇతరుల చెవితో వినండి

పేర్ల పట్టిక పూర్తయిన తరువాత దానిని పైకి చదవాలి, అది కూడా ఇతరుల ముందు. నా కథలోని ఒక వీరుడికి నసోర్ అని పేరు పెట్టి ఎంతో గంభీరంగా ఉన్నదనుకున్నాను. ఒక సాయంత్రం కొందరు మిత్రుల ముందు ఆ అధ్యాయం చదివినప్పుడు, వీరుడు చనిపోయే చోట ఒకరు ఆపుకోలేక నవ్వారు. ఆయనకు ఆ పేరులో 'నస' మాత్రమే వినిపించింది. అది నిజంగానే అక్కడ ఉన్నది, రాసేటప్పుడు నా చెవికి అందలేదు. ఆడపాత్రకు ఓసె అన్న పేరు కూడా ఇలాంటిదే. 'ఓసే' అన్న పిలుపు దాని మీద నుంచి తొలగిపోదు.

మన ప్రాంతంలో రాసేవారు తెలుగుతో ఆగకూడదు. నాయిల అన్న పేరు తెలుగులో మృదువుగా ఉంటుంది. కానీ తమిళంలో నాయ్, కన్నడంలో నాయి అంటే కుక్క. పేయర్ అన్న పేరు విన్న తమిళుడికి పేయ్, అంటే దెయ్యం, గుర్తుకు వస్తుంది. కుప్పం వైపు కన్నడం తెలిసినవారు ఒకరు, నగరి వైపు తమిళం తెలిసినవారు ఒకరు, ఇంట్లో పెద్దవారు ఒకరు, ఈ ముగ్గురికీ పట్టిక మొత్తం వినిపించండి. అర్థాలు చెప్పకండి. ఏ పేరు దగ్గర ముఖం మారిందో చూసి గుర్తు పెట్టుకోండి, కారణం తరువాత అడగండి.

రెండు రోజులు గడిచిన తరువాత ఆ ముగ్గురినీ మళ్లీ కలిసి, కొండ మీద ఒంటరిగా రాత్రి గడిపిన ఆ పిల్ల పేరేమిటని అడగండి. ఒకరు ఉవమీర్ అనవచ్చు, మరొకరు హూమిర్ అనవచ్చు. దిద్దకుండా ఆ రూపాలను ఉన్నవి ఉన్నట్లు నోటు పుస్తకంలో రాసుకోండి. మైదానంలోని సంతలో ఉన్ని అమ్మడానికి దిగినప్పుడు అక్కడివారు ఆమెను పిలిచే పేరు వాటిలో ఒకటి కావచ్చు.